చిన్నమ్మ గోడ మీది జాజు గుర్తులు

చిట్టీ, మొన్న ఆదివారం వీడియోలో నీ ఫోనులో పెట్టుకున్న జాబితా నాకు చదివి వినిపించావు. ఈ ఏడాది చేయాలనుకున్నవన్నీ ఒక వరుస. అయినవాటి పక్కన పచ్చ టిక్కు, కానివాటి పక్కన ఖాళీ గడి. ఈత నేర్చుకోవడం, గిటారు నేర్చుకోవడం, పొద్దున్నే లేవడం. చదువుతూ చదువుతూ నీ గొంతు తగ్గిపోయింది. "సగం కూడా కాలేదమ్మమ్మా, నేను వేస్ట్" అన్నావు. పక్కన తమ్ముడు నవ్వాడు. ఇంతలో పుణెలో మీ కుక్కర్ కూత వేసింది, నువ్వు వెళ్లిపోయావు. నేను చెప్పబోయింది నా నోట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను, ఇద్దరూ వినండి.

మేము కాశిబుగ్గలో అద్దెకు దిగినప్పుడు నాకు పెళ్లయి ఇంకా ఏడాది కాలేదు. డెబ్బైల మొదట్లో సంగతి. మీ తాతయ్యకు సుబేదారిలో ఆఫీసులో గుమాస్తా పని. ఆఫీసు దగ్గర ఇల్లు దొరకక, జంపఖానాలు నేసేవాళ్ల గల్లీలో ఒక అర్ర, ఒక వంటిల్లు తీసుకున్నాం. ఇల్లుగలామెను పెద్దా చిన్నా అందరూ చిన్నమ్మ అనేవాళ్లు. ఎవరికి చిన్నమ్మో, ఆ పిలుపు ఎవరు మొదలుపెట్టారో ఎవరూ అడగలేదు. నేనూ అలాగే పిలిచాను.

పిల్లలు లేరు. భర్త పోయాక ఆయన మగ్గం మీద తనే కూర్చుంది. ఆ గల్లీలో ఆడవాళ్లు నూలు కండెలు చుట్టడమే కాని మగ్గం ఎక్కడం తక్కువ. మొదట్లో కొందరు నవ్వారట. "నవ్వినంతసేపు నవ్విండ్లు. తర్వాత వాళ్లకూ పనుండె, పోయిండ్లు" అని చెప్పేది.

సన్నగా, పొడుగ్గా ఉండేది. ఆ వారం ఏ రంగు నూలు నేస్తే ఆ రంగు ఆమె వేళ్లకు అంటుకుని ఉండేది. అన్నం కలుపుకుంటుంటే చూసి, ఇప్పుడు మగ్గం మీద ఎరుపు నడుస్తోంది, ఇప్పుడు నీలం నడుస్తోంది అని చెప్పేదాన్ని. ఏదైనా అడిగితే వెంటనే జవాబు వచ్చేది కాదు. తెగిన నూలు కొసను నాలుకకు తాకించి, సన్నగా పేని, రెండో కొసకు అతికించి, అది నిలిచిందో లేదో లాగి చూసి, అప్పుడు నోరు తెరిచేది. మీ తాతయ్య మాత్రం "ఈమెతో మాట్లాడాలంటే సెలవు పెట్టాలి" అని విసుక్కునేవాడు.

మా అర్రకూ ఆమె మగ్గానికీ మధ్య వసారా ఉండేది. దాని గోడకు సున్నం, అడుగున మోకాలెత్తు జాజు పట్టీ, అంటే ఎర్రమట్టి పూత. ఆ పట్టీకి పైన, తెల్లటి సున్నం మీద, జాజుతోనే వేలితో గీసిన బొమ్మలు కొన్ని ఉండేవి. ఒక చాయ్ కప్పు. రెండు గుండ్రాలు పక్కపక్కన. తలుపు మూసి ఉన్న ఇల్లు. చారలు చారలుగా ఉన్న పొడుగు గడి ఒకటి. వాటి కింద అక్కడక్కడా చుక్కలు. ఎవరో పిల్లలు పాడుచేశారనుకుని, దిగిన రెండో రోజే తడిగుడ్డ తీసుకుని తుడవబోయాను.

"ఆగు పిల్లా, ముట్టకు. అవి నా పనులు" అంది మగ్గం మీది నుంచి.

"ఏం పనులు చిన్నమ్మా?"

నూలు కొస నాలుకకు తాకించింది. పేనింది. లాగి చూసింది. "నేను పోయేలోపల చేసుకునేటియి. సదువు రాదు గద, గీసి పెట్టుకున్న."

ఆ లెక్క నాకు మెల్లమెల్లగా అర్థమైంది. కోరిక పుడితే గోడ మీద బొమ్మ పడుతుంది. అది తీరేదాకా వచ్చి తప్పిపోతే, తప్పిపోయిన ప్రతిసారీ కింద ఒక చుక్క పడుతుంది. తీరితే బొమ్మ మీద కుంకుమ బొట్టు. ఏటా దసరాకు ముందు సున్నం వేస్తారు కదా, అప్పుడు బొట్టు పెట్టినవన్నీ సున్నం కిందికి పోతాయి. గోడ ఆరాక, తీరనివాటిని మాత్రం మళ్లీ గీసుకుంటుంది, చుక్కలతో సహా. మనం తప్పిపోయిందని ఏడ్చేచోట ఆమె చుక్క పెట్టి, "జర దగ్గరికొచ్చింది" అనేది.

చాయ్ కప్పుకు బొట్టు పడ్డ రోజు నేను పక్కనే ఉన్నాను. హోటల్లో కూర్చుని చాయ్ తాగాలన్నది ఆ కోరిక. ఇప్పుడు మీరు నవ్వుతారు. అప్పట్లో మా ఇళ్ల ఆడవాళ్లు హోటల్ ముందు నుంచి నడిచేటప్పుడు కూడా తల తిప్పి చూసేవాళ్లు కాదు. ఒకరోజు చిన్నమ్మ తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, "పా పిల్లా" అంది. స్టేషన్ పక్కన ఒక హోటల్‌కు తీసుకుపోయింది. సర్వర్ మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు.

"అమ్మా, లోపల ఫ్యామిలీ రూముంది. పరద ఉంటది, అండ్ల కూసోండ్రి."

"పరద ఎనుక తాగుడైతే మా ఇంట్లనే తాగుదు" అంది చిన్నమ్మ. "నాకు రోడ్డు కనవడాలె."

అతను గల్లా దగ్గరి పెద్దమనిషి వైపు చూశాడు. ఆయన చెయ్యి ఊపి కూర్చోనివ్వమన్నాడు. అందరికంటే ముందు బల్ల దగ్గర కూర్చున్నాం. మగవాళ్లు నలుగురైదుగురు మెడ తిప్పి చూసి, చిన్నమ్మ కూడా వాళ్లను అంతే నిదానంగా చూసేసరికి మళ్లీ తమ సాసర్లలోకి చూసుకున్నారు. ఆమె చాయ్‌ని సాసర్లో పోసుకుని, రోడ్డు మీద పోయే రిక్షాలను చూస్తూ, ఆఖరి చుక్క దాకా తాగింది.

బయటికొచ్చాక "ఎట్లుంది చిన్నమ్మా?" అని అడిగాను.

"శెక్కర ఎక్కువైంది."

"మళ్లొక్కసారి వద్దామా?"

"ఎందుకే? అయిపాయె గద."

ఏ కోరిక తీరినా అంతే, మెచ్చుకునేది కాదు. సినిమాలో మెత్త కుర్చీలో కూర్చుని రావాలని ఎన్నాళ్లో అనుకుంది. కూర్చుని వచ్చి, "నిద్రొచ్చింది" అంది. అయినా ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని బొట్టు పెట్టడం మరిచేది కాదు.

తలుపు మూసిన ఇల్లు ఆమె తమ్ముడిది. భర్త పోయినప్పుడు ఆ తమ్ముడు ఏదో మాటపట్టింపుతో రాలేదట. వాడి గడప ముందు నిలబడి ఒకే ఒక్క మాట అని వచ్చేయాలన్నది ఆ కోరిక. దాని కింద చుక్కలుండేవి. ఒకసారి బస్టాండు దాకా పోయింది, ఇంకోసారి వాళ్ల ఊరి పొలిమేర దాకా. ఒక దసరాకు మళ్లీ గీస్తూ, జాజులో ముంచిన వేలు ఆ చోటికి వచ్చేసరికి ఆగింది. తర్వాత పక్కకు జరిగిపోయింది.

"ఇల్లు మర్చిపోయినవ్ చిన్నమ్మా" అన్నాను.

"మర్వలే. ఆ మాటను మనసుల ఒకపారి అనుకొని చూసిన. ఎనుకటి జోరు లేదు దాంట్ల." వేలు పట్టీకి తుడుచుకుంది. "ఉండనియ్, వాడూ ముసలోడైతాండు."

అలా బొట్టు లేకుండానే సున్నం కిందికి పోయినవి కూడా ఉండేవి చిట్టీ. వాటికోసం ఆమె బాధపడగా నేను చూడలేదు.

అన్నిటికంటే పాత బొమ్మ మాత్రం ఆ చారల పొడుగు గడి. అది జంపఖానా. ఆ గల్లీలో ఇంటింటా జంపఖానాలే నేసేవాళ్లు. పెళ్లి పందిళ్లకు, మీటింగులకు, పెద్దవాళ్ల హాళ్లకు పోయేవి. నేసినవాళ్లు మాత్రం ఈతచాప మీద పడుకునేవాళ్లు. మగ్గం దిగిన జంపఖానా మగ్గం దిగినట్టే సావుకారి బండెక్కేది. నూలు ఆయనదైతే సరుకూ ఆయనదే. చిన్నమ్మ కోరిక ఒక్కటే. తన నూలుతో, తన కోసమే ఒకటి నేసుకుని, వేరెవరూ దాని మీద కాలు పెట్టకముందే తను పడుకుని లేవాలి. "అందరి నడుముల కిందికి నేసిన. నా నడుమేం పాపం చేసింది?" అనేది.

మొదటిది మేము రాకముందే నేసుకుందట. సగంలో ఉండగానే పరకాల నుంచి అక్క వచ్చి, బిడ్డ పెళ్లికి మగపెళ్లివాళ్ల ముందు పరవడానికి ఏమీ లేదని కూర్చుంది. పూర్తిచేసి మగ్గం మీది నుంచే ఇచ్చి పంపింది. ఒక చుక్క.

రెండోది మీ అమ్మకు పోయింది.

మీ అమ్మ పుట్టినప్పుడు పెద్ద దవాఖానలో మంచం దొరకలేదు. చలికాలం. బండల మీద పల్చటి దుప్పటి వేసుకుని, పసిగుడ్డును పొట్టకు అదుముకుని పడుకున్నాను. మరునాడు పొద్దున చిన్నమ్మ వచ్చింది, నెత్తిన జంపఖానా చుట్ట. కొత్త నూలు వాసన.

"ఇదేంది చిన్నమ్మా, ఇది నీది గదా" అన్నాను. అది మగ్గం దిగి మూలన నిలబడి ఉందని, పండుగనాడు దాని మీద పడుకోవాలని ఆమె ఆశపడుతోందని నాకు తెలుసు.

"పండుగ ఏడికి పోతది? ముందుగాల నువ్వు లే, కింద పరుస్త."

మీ అమ్మ ఈ లోకంలో మొదట వెచ్చగా పడుకున్నది దాని మీదే. మమ్మల్ని ఇంటికి పంపే రోజున చిన్నమ్మ అది చుట్టబోయి ఆగింది. మా పక్కన ఒక పల్లెటూరి ఆడకూతురు ఉండేది. కూలి చేసుకునే మనుషులు, కింద గోనెసంచి. బిడ్డకు బాగాలేక ఇంకా కొన్నాళ్లు ఉండాలన్నారు. ఆ పసిబిడ్డ తల మా జంపఖానా అంచు మీద ఉంది, నిద్రపోతోంది.

"లేపకు" అంది చిన్నమ్మ నాతో. అంతే. జంపఖానాను అక్కడే వదిలి, నా సంచి తనే అందుకుని బయటికి నడిచింది.

ఇంటికొచ్చి రెండో చుక్క పెట్టింది. నేను ఏడ్చాను. నావల్లే పోయిందని. ఆమె నా వైపు తిరిగి, చిన్నపిల్లకు లెక్క చెప్పినట్టు చెప్పింది. "ఏడుస్తానవెందుకే? పోయినపాలి మగ్గం మీదికెల్లే పాయె. ఈపాలి ఇంట్లకొచ్చింది, మూలకు నిలవడ్డది. ఎంత దగ్గరికొచ్చిందో సూడవా?"

ఇక మీ తాతయ్య చేసిన పని. ఆయన సంగతి మీకు తెలుసు కదా, సగం పని చూస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. మీ అమ్మకు నడక వచ్చిన ఏడు, దసరాకు ముందు మా అర్రకు తనే సున్నం వేసుకున్నాడు. కుండలో ఇంకా సున్నం మిగిలింది. చిన్నమ్మ అక్కకు జ్వరమని పరకాల పోయి ఉంది. నేను బావి దగ్గర బట్టలు ఉతుకుతున్నాను. తడిబట్టల బకెట్టుతో వచ్చేసరికి వసారా గోడ పాలలా మెరుస్తోంది. నీలిమందు కలిపి రెండు పూతలు వేశాడు.

"ఎట్లుంది?" అన్నాడు, కుంచె పట్టుకుని, ముక్కు మీద సున్నంతో.

నేను బకెట్టు కింద పెట్టి కూర్చుండిపోయాను. ఆమె ఎప్పుడూ సున్నం తనే వేసుకునేది. వేసేముందు చాలాసేపు గోడ ముందు కూర్చుని, ఒక్కొక్క బొమ్మనూ చూసి, గుర్తుపెట్టుకుని, అప్పుడు కుంచె ముట్టేది. ఈసారి ఆ చూసుకోవడం లేదు.

గల్లీ అంతా తెలిసిపోయింది. సాయంత్రం ఆమె బస్సు దిగి వచ్చేసరికి వసారా నిండా జనం. పక్కింటి మామ, అంటే మా గోడకు ఆనుకున్న మగ్గం ఆయన, ఆయన భార్య అత్తమ్మ, ఎదురింట్లో మేమంతా ఖాలా అని పిలిచే ఆమె. చిన్నమ్మ సంచి దించి, గోడను చూసింది. మీ తాతయ్య స్తంభం వెనక నిలబడ్డాడు.

"తిట్టు చిన్నమ్మా, సార్‌ను జర గట్టిగనే తిట్టు" అన్నాడు మామ.

ఆమె తిట్టలేదు. గోడ ముందు చతికిలబడి, ఆలోచిస్తూ, "ఏమేముండెనో జర సోచాయించనియ్యుండ్రి" అంది.

అప్పుడు అందరూ సాయానికి దిగారు.

"రెండు గుండ్రాలుండె. అవి కళ్లద్దాలు" అంది ఖాలా. "నాకు మంచిగ యాదికున్నది."

"కళ్లద్దాలు కాదు, సైకిల్. రోజూ సూస్త నేను" అన్నాడు మామ.

"నీ మొఖం, అవి గాజులు. జత గాజులు" అంది అత్తమ్మ.

చిన్నమ్మ నా వైపు చూసింది. "నీకేమనిపిచ్చిందే?"

నాకు సిగ్గేసింది. మా నాన్న నన్ను మెట్రిక్ రాయనీయకుండా పెళ్లి చేశాడు. ఆ గుండ్రాలు చూసినప్పుడల్లా నాకు నూటికి నూరు మార్కుల్లో ఉండే రెండు సున్నాలే కనిపించేవి. అదే చెప్పాను.

చిన్నమ్మ నవ్వింది. పళ్లన్నీ కనిపించేలా ఆమె నవ్వడం అదే మొదటిసారి. "అవి రైలు చక్రాలు. నాకు రైలెక్కాలనుండె. మీరు చెప్పినయన్ని మీ కోరికలే గదనే. ఇన్నేండ్లు నా గోడ మీద మీయి చూసుకున్నరా?"

అప్పుడామె లేచి, జాజు గిన్నె తెచ్చి, గోడ మీద వరసగా కళ్లద్దాలు, సైకిలు, గాజులు గీసింది. నా కోసం ఒక పలక గీసింది. చివరన తనకు ఒకటే, చారల పొడుగు గడి. కింద రెండు చుక్కలు.

"రైలు గీయవా?" అన్నాను.

"తెల్లగోడను చూస్తే నాకు ఇదొక్కటే యాదికొచ్చింది. మీరు గుర్తుచేస్తే గని మిగిలినయి రాలే. ఇదే నాది."

మీ తాతయ్య స్తంభం వెనక నుంచి మెల్లగా అన్నాడు. "ఆ చుక్కలు కూడా పెట్టాలా చిన్నమ్మా? అవి పోయినవే కదా."

"పోలే సారూ. అవి వచ్చిన దూరం." ఆయన వైపు తిరిగింది. "నీకు గోడ తెల్లగుండాలని కోరికుండె. ఇయ్యాల తీరింది. తీరినోళ్లు నాకు ఒక చిలప నూలు తేవాలె. ముందుగాల నువ్వే తే."

గల్లీ అంతా పగలబడి నవ్వింది. మరునాడు ఆఫీసు నుంచి వస్తూ మీ తాతయ్య తెల్ల నూలు చిలప, అంటే చుట్టిన నూలు కట్ట, ఒకటి సైకిలు హ్యాండిల్‌కు వేలాడదీసుకుని వచ్చాడు. ఆట అలా మొదలైంది. గోడ మీద ఎవరి కోరిక తీరితే వాళ్లు తమకు నచ్చిన రంగులో ఒక చిలప నూలు చిన్నమ్మకు ఇవ్వాలి. అవన్నీ చేరితే ఆమె జంపఖానా అవుతుంది.

ఏళ్లు పట్టింది పిల్లలూ. ఖాలాకు కళ్లద్దాలు వచ్చాయి. పెట్టుకుని నేరుగా మా వసారాలోకి వచ్చి, "అమ్మో చిన్నమ్మా, నీ మొఖం నిండా ఇన్ని ముడతలా? మునుపే మంచిగుండె" అని ఆకుపచ్చ చిలప ఒళ్లో వేసింది. మామ పాత సైకిల్ ఒకటి కొని ఎరుపు తెచ్చాడు. నేను ప్రైవేటుగా మెట్రిక్‌కు కట్టాను. లెక్కల్లో పోయింది. నా పలక కింద చిన్నమ్మ చుక్క పెట్టి, "ఎన్నిట్ల పాసైనవ్?" అంది. "ఒక్క లెక్కలు తప్ప అన్నిట్లో" అన్నాను. "మరి ఇది ఎంత దగ్గరుందే, ఎందుకా మొఖం?" అంది. తర్వాతిసారి గట్టెక్కాను. నాది పసుపు. అత్తమ్మకు గాజులు రాలేదు. ఏటా గీసేది, ఏటా అలాగే ఉండేది. ఒకరోజు తనే నల్ల చిలప తెచ్చి మగ్గం మీద పెట్టింది. "గాజులు వస్తే వస్తయి, లేకుంటే లేదు. అందరియి ఉండి నా రంగు లేకుంటే ఎట్ల?" అంది. చిన్నమ్మ ఆ చిలపను చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది.

ఎనభైల మొదట్లో మీ తాతయ్యకు సుబేదారిలో క్వార్టర్ వచ్చింది. సరిగ్గా ఆ నెలలోనే చిన్నమ్మ తన జంపఖానా కోసం పడుగు నూలు మగ్గానికి ఎక్కించింది. పొద్దంతా సావుకారికి కండెలు చుట్టడం, వెలుతురు మిగిలితే మగ్గం మీద తన పని. మేము సామాను సర్దుకుంటున్నాం, ఆమె నేస్తోంది. అంచుకు తెలుపు, ఆ తర్వాత ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, అక్కడక్కడా సన్నని నలుపు గీత. అది ఒక్కొక్క చారా పెరుగుతుంటే నాకు సంతోషమూ ఉంది, భయమూ ఉంది. మేము ఇల్లు మారుతున్నాం. మీ అమ్మ ఆమె ఒళ్లో పెరిగిన పిల్ల. చిన్నమ్మ సంగతి తెలుసు కదా, ఇది కూడా మా బండెక్కించేస్తుందేమోనని. ఇస్తే నేనెలా తీసుకోవడం, వద్దంటే ఆమె వింటుందా?

మేము వెళ్లే రోజునే జంపఖానా మగ్గం దిగింది. వీధిలో మా సామాను తోపుడుబండి మీద కట్టి ఉంది. అందరూ వసారాలో చేరారు. చిన్నమ్మ కొసలు కోసి, అరచేత్తో రెండు దెబ్బలు వేసి, ఎత్తి చూపింది. ఎవరి రంగు ఎక్కడుందో వాళ్లు వేలు పెట్టి చూసుకుంటున్నారు. మీ అమ్మ జనం మధ్యలోంచి దూరి వెళ్లి దాని అంచు పట్టుకుంది. అప్పటికి బడికి పోతోంది, మాటలు బాగా నేర్చింది.

"చిన్నవ్వా, గిది మాకిస్తవా? కొత్తింట్ల పర్సుకుంటం."

నేను కళ్లు మూసుకున్నాను. చిన్నమ్మ జంపఖానా కొసన వేలాడే పోగు ఒకటి నాలుకకు తాకించింది. పేనింది. ముడి వేసి, లాగి చూసింది.

"ఇయ్య" అంది.

"ఎందుకియ్యవ్?"

"నాది."

అన్నేళ్లలో ఆ మాట ఒక బొమ్మను చూపించి కాక, చేతిలో ఉన్న వస్తువును పట్టుకుని ఆమె అనగా మేమెవరం వినలేదు. మీ అమ్మ మూతి ముడుచుకుంది. ఏడుపు వచ్చేలా ఉంది. చిన్నమ్మ జంపఖానాను గోడ కింద, తన బొమ్మ కిందనే, పరిచింది.

"ఇయ్యగని, పక్కపొంటి జర జాగిస్త. రా" అని తన పక్కన చోటు చూపింది.

కాళ్లు తుడుచుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, దాని మీద కూర్చుంది. పట్టపగలు పడుకోవడం తెలియని మనిషి. ఒకసారి పక్కకు తిరిగింది, మళ్లీ వెల్లకిలా అయింది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పొట్ట మీద పెట్టుకుంది. మీ అమ్మ పోయి చంకలో దూరితే ఆమె అటు ఒత్తిగిలింది. మేమంతా నిలబడి చూస్తున్నాం.

"ఏం చూస్తాండ్లు? మీకు పన్లు లేవా?" అంది కళ్లు మూసుకునే.

అందరం బయటికి నడిచాం. మామ తన మగ్గం ఎక్కాడు. చెయ్యి ఎత్తాడు, ఏమనుకున్నాడో దించేశాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అది చూసి ఎదురింటి మగ్గం ఆగింది. తర్వాత దాని పక్కది. తెల్లవారినప్పటి నుంచి చీకటి పడేదాకా టకటకలాడే గల్లీ మెల్లమెల్లగా, ఒక్కొక్క ఇల్లే, నోరు మూసుకుంది. ఖాలా కోళ్లను అదిలించి అవతలికి తోలింది. బండివాడు "ఇంకెంతసేపు సార్?" అనబోతే మీ తాతయ్య వేలు పెదాలకు అడ్డం పెట్టి, గొడుగు విప్పి, సామాను పక్కన బండి మీదే కూర్చున్నాడు. కాశిబుగ్గలో పండుగ కాని రోజు పట్టపగలు మగ్గాలన్నీ ఆగడం నేను మళ్లీ చూడలేదు.

ఎండ వసారాలోకి వచ్చి ఆమె పాదాలను తాకినప్పుడు లేచింది. అందరం మళ్లీ చేరాం. ఖాలా ఆగలేకపోయింది.

"ఎట్లున్నది చిన్నమ్మా?"

చిన్నమ్మ జంపఖానాను చేత్తో నిమిరింది. ఆలోచించింది.

"గరుకుగున్నది" అంది. "మెత్తవడాలంటె రోజూ పండుకోవాలె."

లేచి వెళ్లి కుంకుమ తెచ్చుకుని, గోడ మీది చారల గడికి, రెండు చుక్కలకు పైన, బొట్టు పెట్టింది. ఆ వెలుతురులో చూశాను, ఆమె చెంప మీద ఆ నేత అచ్చులా పడి ఉంది, గీతలు గీతలుగా. అవే గీతలు మీ అమ్మ బుగ్గ మీద కూడా ఉన్నాయి. బండి వెనక నడుచుకుంటూ సుబేదారి చేరేదాకా అవి పోలేదు.